ట్యాబ్ చేతికొచ్చింది, సర్దుకోవడం ఎవరు నేర్పాలి?



ఏటా ఈ సంచిక అచ్చుకు వెళ్లే రోజుల్లో దాతల నుంచి మాకు తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది: "మన పిల్లలకు ట్యాబ్‌లు కొనిద్దామా?" ఆ మంచి తలంపుకు అల్లాహ్ తగిన ప్రతిఫలం ప్రసాదించాలని దుఆ చేస్తూ, ఈ ప్రశ్నకు జవాబు కొంచెం వివరంగా చెప్పుకుందామని ఈ వ్యాసం రాస్తున్నాం. క్లుప్తంగా చెప్పాలంటే మా అభిప్రాయం ఇది: మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ట్యాబ్ లేని పిల్లల కన్నా, ఇంట్లో ట్యాబో పెద్ద ఫోనో ఉండి కూడా దానితో చదువుకోవడం తెలియని పిల్లలే ఎక్కువగా మా దగ్గరికి వస్తున్నారు. పరికరం ఇవ్వడం ఒక్క రోజు పని. దాన్ని సర్దుకోవడం, దాని ముందు మనసు నిలపడం నేర్పడం మాత్రం ఏడాది పొడవునా సాగాల్సిన పని. మీ సాయం ఎక్కువగా అవసరమైంది ఈ రెండో పనికే.

పలక నుంచి ట్యాబ్ దాకా

పలక మన ప్రాంతానికి కొత్త కాదు. మార్కాపురం పలకలు తరాల పాటు ఊరూరా పిల్లల చేతుల్లో ఉన్నాయి. ఆ పలక మీద పిల్లవాడు రాసిందే ఉంటుంది. తుడిస్తే పోతుంది. అది వాడిని ఎటూ పిలవదు. ట్యాబ్ అనే ఈ కొత్త పలక తీరు వేరు. దీని మీద పిల్లవాడు రాయనివి, అడగనివి కూడా వచ్చి కూర్చుంటాయి. చదువుకుంటుంటే మధ్యలో గంట కొట్టి పిలుస్తాయి.

ఈ కొత్త పలకలు ప్రభుత్వ బడి పిల్లలకు పెద్ద ఎత్తున అందింది మన దగ్గరే మొదలైంది. 2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించారు. తెనాలికి దగ్గరలోని ఈ ఊరు జిల్లాల విభజనకు ముందు గుంటూరు జిల్లాలోదే. ఆ విడతలో రాష్ట్రవ్యాప్తంగా 4,59,564 మంది విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు, మొత్తం 5,18,740 శాంసంగ్ ట్యాబ్‌లు ఇస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. వాటిలో బైజూస్ సంస్థ పాఠాలు ముందుగానే నింపి ఇచ్చారు. ఇంటర్నెట్ లేకపోయినా పాఠం వినడానికి వీలుగా ఆ ఏర్పాటు చేశారు. చదువుకు సంబంధం లేనివి తెరుచుకోకుండా తాళం కూడా వేశారు. 2023 డిసెంబర్ 21న రెండో విడత మొదలైంది. మరో నాలుగు లక్షల మందికి పైగా పిల్లలకు ట్యాబ్‌లు అందాయి.

ఆ తర్వాతి కథ కూడా దాతలు తెలుసుకోదగినదే. పాఠాలు సమకూర్చిన సంస్థ అప్పుల్లో కూరుకుపోయింది. 2024 జూలైలో బెంగళూరులోని కంపెనీ లా ట్రిబ్యునల్ దానిపై దివాలా ప్రక్రియకు అనుమతించింది. మొదటి విడతలో ట్యాబ్ అందుకున్న పిల్లలు పదో తరగతి దాటి ఇంటర్‌కు వెళ్లారు. ఆ ట్యాబ్‌లు ఇప్పుడు చాలా ఇళ్లలో తమ్ముళ్ల చేతుల్లో, చెల్లెళ్ల చేతుల్లో ఉన్నాయి. కొన్నిటికి అద్దం పగిలింది. కొన్నిటికి చార్జర్ పోయింది. కొన్నిటికి తాళం ఊడింది. పిల్లలు తలచుకుంటే ఎంత గట్టి తాళానికైనా దారి వెతుకుతారని ఏ అమ్మీని అడిగినా చెబుతుంది. పరికరాన్ని ఇచ్చినవారు, పాఠాన్ని నింపినవారు, తాళం వేసినవారు ఎవరూ పిల్లల పక్కన ఎల్లకాలం ఉండరు. చివరికి మిగిలేది పిల్లవాడు, తెర, వాడికి అలవడిన క్రమశిక్షణ.

వస్తువు ఒక్కటే చాలదు

ఈ మాట మన ఊళ్లకే పరిమితం కాదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశం 'పిల్లవాడికో లాప్‌టాప్' పథకం కింద లక్షల సంఖ్యలో లాప్‌టాప్‌లు పంచింది. ఆ పథకాన్ని 319 గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనంలో, లెక్కల్లో గానీ భాషలో గానీ పిల్లల మార్కులు పెరిగిన ఆధారం కనిపించలేదు. బడికి యంత్రాలు వచ్చాయి. పాఠం చెప్పే తీరు మాత్రం పాతదే. వాటితో ఏం చేయాలో గురువుకూ సరిగా నేర్పలేదు, పిల్లలకూ నేర్పలేదు.

2023 జూలైలో యునెస్కో విద్యలో సాంకేతికత గురించి ప్రపంచ స్థాయి నివేదిక విడుదల చేసింది. అందులో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. చదువు మధ్యలో ఒకసారి మనసు చెదిరితే, మళ్లీ పాఠం మీదకు పూర్తిగా రావడానికి విద్యార్థికి 20 నిమిషాల దాకా పట్టవచ్చని. మన పిల్లల చదువు గంటకు ఈ లెక్క వేసి చూడండి. గంటలో మూడుసార్లు ట్యాబ్ 'టింగ్' మంటే, ఆ గంటలో చదువు ఎంత మిగులుతుంది?

అల్లాహ్ కాలం మీద ప్రమాణం చేసిన అల్ అస్ర్ సూరాను మన పిల్లలు చిన్ననాడే కంఠస్థం చేస్తారు. ఆ కాలం అమానత్ అని చెప్పడంతో మన పని పూర్తి కాదు. దాన్ని తెర ముందు ఎలా కాపాడుకోవాలో చేతితో చేయించి చూపాలి.

కోతల కాలం, పరీక్షల కాలం ఒకటే

మన ప్రాంతంలో ఈ సమస్యకు ఒక ప్రత్యేకత ఉంది. దూరంగా ఉండే దాతలు దీన్ని గమనించాలని కోరుతున్నాం.

పత్తి తీతలు అక్టోబర్ నుంచి ఊపందుకుంటాయి. అవి సాగుతుండగానే సంక్రాంతి తర్వాత మిరప కోతలు అందుకుంటాయి. మార్చి, ఏప్రిల్ దాకా పొలాల్లో, కల్లాల్లో, గుంటూరు మిర్చి యార్డులో పని ఉంటుంది. కూలికి వెళ్లే తల్లులు తెల్లవారుజామునే ఆటో ఎక్కుతారు, పొద్దు వాలాక ఇల్లు చేరతారు. పశ్చిమ ప్రకాశం మెట్ట ఊళ్ల నుంచి కోతల కోసం కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు, పల్నాడు వైపు వలస వస్తాయి. సరిగ్గా అదే కాలంలో, మార్చిలో, పదో తరగతి పబ్లిక్ పరీక్షలు. గత మూడు నాలుగేళ్లుగా రంజాన్ మాసం కూడా ఈ రోజుల్లోనే వస్తోంది.

అంటే పిల్లలు ఎక్కువగా చదవాల్సిన నెలల్లోనే ఇంట్లో పెద్దలు ఉండరు. బడి వదిలాక మగ్రిబ్ దాకా పిల్లలకు తోడు ట్యాబ్ ఒక్కటే. తల్లిదండ్రుల నిర్లక్ష్యం అని దీన్ని అనలేం. పొద్దంతా మిరప చేలో వంగిన తల్లి ఇంటికొచ్చి సెట్టింగ్స్ వెతకాలని ఎలా అడుగుతాం? అందుకే పెద్దలు పక్కన లేనప్పుడు కూడా పిల్లలు తమంతట తాము పాటించగల పద్ధతి కావాలి. మా సాయంత్రపు చదువు కేంద్రంలో మేము నేర్పుతున్న పద్ధతిని మెట్టు మెట్టుగా ఇక్కడ వివరిస్తున్నాం. ఇది చదివి మీ ఇంట్లో పిల్లలతో కూడా చేయించవచ్చు.

మొదటి మెట్టు: తాలు ఏరడం

కల్లంలో ఎండిన మిరప కాయల్లోంచి తాలు ఏరడం మన పిల్లలందరికీ తెలుసు. తాలు కలిసిన టిక్కీకి యార్డులో ధర పడిపోతుందనీ తెలుసు. అందుకే మేము పాఠం ఇక్కడి నుంచే మొదలుపెడతాం. "మీ ట్యాబ్‌లో తాలు ఎంత ఉందో ఏరండి" అంటాం.

పిల్లలు ముందుగా తమ ట్యాబ్‌లోని యాప్‌ల పేర్లన్నీ నోటు పుస్తకంలో రాస్తారు. ఒక్కో పేరు పక్కన మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఇది నాకు ఏ పనికి? పోయిన వారంలో ఆ పనికి వాడానా? ఇది నేను పిలవకుండానే నన్ను పిలుస్తుందా? పేర్లు చేత్తో రాయించడానికి కారణం ఉంది. తెర మీద వేలితో జరుపుతూ పోతే ఏమీ గమనించరు. కాగితం మీద వరుసగా రాసేసరికి, తమ ట్యాబ్‌లో తమకే తెలియనివి ఎన్ని ఉన్నాయో వాళ్లకే అర్థమవుతుంది.

పని లేనివి తీసేస్తారు. కంపెనీ ముందే పెట్టి పంపినవి కొన్ని పూర్తిగా పోవు. వాటిని 'డిసేబుల్' చేయడం చూపిస్తాం. ఏది ఉంచాలో ఏది తీయాలో పిల్లలే నిర్ణయిస్తారు. మేము ప్రశ్నలు మాత్రం అడుగుతాం. ఎందుకంటే మనం తీసేసిన ఆటను పిల్లవాడు సాయంత్రానికి మళ్లీ ఎక్కించుకుంటాడు. తాను తాలు అని తేల్చుకున్నదాన్ని మాత్రం అంత తొందరగా వెనక్కి తెచ్చుకోడు. ప్రభుత్వం ఇచ్చిన ట్యాబ్‌కు తాళం ఇంకా ఉంటే, దాన్ని తీయించవద్దని తల్లిదండ్రులకు, పిల్లలకు గట్టిగా చెబుతాం.

రెండో మెట్టు: అరలు సర్దడం

ఏరిన తర్వాత సర్దాలి. ఒక యాప్ గుర్తును వేలితో నొక్కి పట్టి, ఇంకో గుర్తు మీదకు తెచ్చి వదిలితే ఫోల్డర్ తయారవుతుంది. దానికి తెలుగులో పేరు పెట్టుకోవచ్చు. ఇంతవరకు ఎవరైనా నేర్పగలరు. ఏ పేర్లు పెట్టాలన్నదే అసలు సంగతి.

చాలామంది 'గూగుల్', 'శాంసంగ్' అని కంపెనీల వారీగానో, లెక్కలు, సైన్సు అని సబ్జెక్టుల వారీగానో పెడతారు. మేము పనిని బట్టి పెట్టమంటాం. 'చదవడానికి', 'వినడానికి', 'రాయడానికి', 'వెతకడానికి' అని నాలుగు అరలు. పాఠ్యపుస్తకాలు, నేషనల్ డిజిటల్ లైబ్రరీ మొదటి అరలో. వీడియో పాఠాలు రెండో అరలో. నోట్స్, క్యాలిక్యులేటర్, కెమెరా మూడో అరలో. నిఘంటువు, తెలుగు వికీపీడియా నాలుగో అరలో. ఖుర్ఆన్, నమాజు వేళల యాప్‌లు విడిగా ఒక చోట. ఇలా సర్దుకుంటే ట్యాబ్ తెరిచే ముందే పిల్లవాడు "నేనిప్పుడు ఏం చేయబోతున్నాను?" అని తనను తాను అడుగుకోవాల్సి వస్తుంది. ఆ ఒక్క ప్రశ్నతోనే సగం చదువు దారిలో పడుతుంది.

మొదటి పేజీలో ఈ అరలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఆటలు, సినిమా పాటలు ఉంచుకోవాలనుకుంటే చివరి పేజీలో, ఒకే ఫోల్డర్‌లో. వాటిని పూర్తిగా నిషేధించాలని మేము అనడం లేదు. చదువు కోసం వెళ్లే దారిలో అవి ఎదురుపడకూడదు, అంతే. కంటికి కనబడితే చేయి అటే పోతుంది. పెద్దవాళ్లమైన మనకూ అంతే.

బడి పుస్తకాల్లో పాఠం పక్కన అచ్చయిన నల్ల గళ్ల చదరం, అంటే క్యూఆర్ కోడ్, చాలామంది పిల్లలు వాడరు. 2017 సెప్టెంబర్ 5న కేంద్రం ప్రారంభించిన 'దీక్ష' యాప్‌తో దాన్ని స్కాన్ చేస్తే, ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు నేరుగా తెరుచుకుంటాయి. ఇందులో పెద్ద సౌలభ్యం ఉంది. ఎక్కడా వెతుక్కుంటూ తిరగకుండా పుస్తకంలోని పేజీ నుంచే పాఠానికి వెళ్లొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు. కేంద్రంలో డౌన్‌లోడ్ చేసుకున్న పాఠాన్ని ఇంటి దగ్గర నెట్ లేకుండా చూడవచ్చు. కోతలకు వలస వెళ్లే కుటుంబాల పిల్లలకు ఇది ఎంత మేలో మీరే ఊహించండి.

బోర్డు మీది లెక్కలు, స్నేహితుల నోట్సు ఫోటో తీసుకోవడం పిల్లలకు అలవాటు. అవి పెళ్లి ఫోటోల్లో, వాట్సాప్‌లో వచ్చిన వీడియోల్లో కలిసిపోతాయి. పరీక్ష ముందు రోజు దొరకవు. అందుకు రెండు నియమాలు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు, వీడియోలు వాటంతటవే దిగే ఏర్పాటును ఆపాలి. తీసిన ప్రతి ఫోటోను ఆ రోజే సబ్జెక్టు ఫోల్డర్‌లోకి చేర్చి, తేదీ, పాఠం పేరు పెట్టాలి.

మూడో మెట్టు: పిలుపులు ఆపడం

ప్రతి యాప్ మన దృష్టిని అడుక్కుంటూనే ఉంటుంది. దాని వ్యాపారమే అది. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల పేజీ తెరిచి, గడియారం, నమాజు వేళలు, బడి సమాచారం తప్ప మిగతావన్నీ ఆపేయడం మూడో పాఠం.

ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో 'డిజిటల్ వెల్‌బీయింగ్' అనే విభాగం ఉంటుంది. ఏ యాప్ మీద రోజుకు ఎంతసేపు గడిపామో అది నిమిషాలతో సహా చూపిస్తుంది. పిల్లలకు ఉపన్యాసం ఇవ్వడం మానేసి, ఈ పేజీ తెరిచి వాళ్ల చేతనే చదివిస్తాం. అదే విభాగంలో 'ఫోకస్ మోడ్' ఉంది. చదువుకునే సమయంలో ఏ యాప్‌లు నిద్రపోవాలో ముందే ఎంచుకుంటే, అది ఆన్‌లో ఉన్నంతసేపూ అవి తెరుచుకోవు, పిలవవు. ఒకే యాప్‌ను తెర మీద బిగించేసే 'పిన్' సదుపాయం కూడా చాలా పరికరాల్లో ఉంది. దాన్ని పెడితే, లాక్ నంబర్ అడిగేలా ఏర్పాటు చేసుకుంటే, ఆ నంబర్ తెలిసినవారు తప్ప వేరే యాప్‌లోకి వెళ్లలేరు. చిన్న పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది. ఈ పేర్లు పరికరాన్ని బట్టి కొద్దిగా మారవచ్చు. సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట పేరు కొడితే దొరుకుతాయి.

యూట్యూబ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మంచి పాఠాలు అందులోనే ఉన్నాయి, కాలం హరించేవీ అందులోనే ఉన్నాయి. దానిలో రెండు మార్పులు చేయిస్తాం. ఒక వీడియో అయ్యాక ఇంకోటి దానంతటదే మొదలయ్యే 'ఆటోప్లే' ఆపడం ఒకటి. చూసినవాటి చరిత్రను చెరిపి, ఇకపై నమోదు కాకుండా ఆపడం రెండోది. రెండోది చేస్తే మొదటి పేజీలో ఊరించే వీడియోల వరుస రాదు. వెతికిందే దొరుకుతుంది. చేతిలో చీటీ పట్టుకుని బజారుకు వెళ్లినట్టు ఉంటుంది.

నాలుగో మెట్టు: మగ్రిబ్ నుంచి ఇషా వరకు

ట్యాబ్ సర్దుకున్నా, సమయం సర్దుకోకపోతే ఫలితం ఉండదు. అదృష్టవశాత్తు మన పిల్లల రోజును అయిదు నమాజులు ముందే పంచి పెట్టాయి. మగ్రిబ్‌కు, ఇషాకు మధ్య మన ప్రాంతంలో గంటకు కొంచెం పైగా సమయం ఉంటుంది. మేము చదువు కేంద్రాన్ని ఆ వేళకే నడుపుతున్నాం. పొలం నుంచి వచ్చిన తల్లి వంట చేసుకునే సమయం కూడా అదే.

ఆ గంటను ఇలా పంచుతాం. ముందు అయిదు నిమిషాలు ట్యాబ్ మూసే ఉంటుంది. "ఈ రోజు ఏ పాఠం? ఏం తెలుసుకోవాలి?" అని పిల్లలు చీటీ మీద ఒక్క వాక్యం రాస్తారు. తర్వాత 20 నిమిషాలు ట్యాబ్, ఫోకస్ మోడ్‌లో. తర్వాత ట్యాబ్ బోర్లా పెట్టి, విన్నదాన్ని చూడకుండా నోటు పుస్తకంలో 10 నిమిషాలు రాయాలి. మళ్లీ 20 నిమిషాలు, మళ్లీ రాత. మధ్యలో లేచి దూరంగా ఉన్న చెట్టునో దీపాన్నో చూసి కళ్లకు విశ్రాంతి ఇవ్వాలి.

ఈ క్రమంలో ముఖ్యమైనది ట్యాబ్ తెరిచిన 20 నిమిషాలు అనుకుంటారు. మా దృష్టిలో ముఖ్యమైనది బోర్లా పెట్టిన 10 నిమిషాలు. వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. కాగితం మీద పెట్టేటప్పుడే ఎంత నిలిచిందో బయటపడుతుంది. రాయలేకపోయిన చోట గుర్తు పెట్టుకుని, రెండో విడతలో ఆ భాగమే మళ్లీ వింటారు. దీనివల్ల ట్యాబ్ చదువుకు పనిముట్టుగానే ఉంటుంది.

రంజాన్‌లో ఇఫ్తార్, తరావీహ్ ఉంటాయి కాబట్టి ఇదే క్రమాన్ని ఫజ్ర్ తర్వాతకు మారుస్తాం. రాత్రి పడుకునే ముందు ట్యాబ్ పెద్దల గదిలోనో, నానీ మంచం దగ్గరో చార్జింగ్‌కు చేరాలి. పిల్లల దిండు కింద ట్యాబ్ ఉండకూడదన్న నియమానికి ఏ ఇంట్లోనూ మినహాయింపు లేదు.

ఆడపిల్లల వంతు

ఒక ఇంట్లో ఒకటే ట్యాబ్, ముగ్గురు పిల్లలు ఉంటే అది ఎవరి చేతిలో ఉంటుందో మీకూ తెలుసు. అన్న చూసి విసుగెత్తాక, తమ్ముడు ఆడి అలసిపోయాక చెల్లి వంతు వస్తుంది. అప్పటికి బ్యాటరీ అయిపోతుంది. పైగా తల్లి కోతకు వెళ్లిన రోజుల్లో అంట్లు, నీళ్లు, చిన్న పిల్లల్ని చూసుకోవడం ఆడపిల్ల మీదే పడతాయి. ఆమెకు తీరిక దొరికేదే కొద్దిసేపు. ఆ కొద్దిసేపట్లో ట్యాబ్ తెరవగానే అన్న వదిలిన ఆట ఎదురైతే, పాఠం వెతుక్కోవడానికే సమయం సరిపోదు.

అందుకే ట్యాబ్‌ను సర్దే పనిని ఇంట్లోని పెద్ద ఆడపిల్లకు అప్పగించమని తల్లిదండ్రులను కోరుతున్నాం. అరలు ఆమె సర్దుతుంది. లాక్ నంబర్ అమ్మీకి, ఆమెకు తెలుస్తుంది. ఎవరి వంతు ఎప్పుడో కాగితం మీద రాసి తలుపుకు అంటిస్తారు. అందులో ఆమె వంతు మొదట రాయాలి. వలస వెళ్లేటప్పుడు కూడా, ఎక్కడ ఉంటే అక్కడ ఆ కాగితం వెంట ఉండాలి. ఇది చిన్న మార్పే. కానీ చదువు ఆపేసి ఇంటి పనికి, కూలికి మళ్లే వయసులో ఉన్న అమ్మాయికి, ఇంట్లో అందరూ ఒప్పుకున్న చదువు సమయం కొంత దొరుకుతుంది.

ఆమె భద్రత గురించి కూడా చెబుతాం. ముఖం తెలియని వారి స్నేహ అభ్యర్థన ఒప్పుకోవద్దు. ఫోటో పంపవద్దు. ఎవరైనా బెదిరిస్తే దాచుకోకుండా అమ్మీకో, మా కేంద్రంలోని ఆపాకో చెప్పాలి. పిల్లల సాయానికి 1098, ఆన్‌లైన్ మోసాలకు 1930 నంబర్లు ప్రతి ట్యాబ్ వెనుక అట్ట మీద రాయిస్తాం. ఎవరో ఏదో పంపారని చెప్పిన పిల్ల చేతిలోంచి ట్యాబ్ లాక్కోవద్దని తల్లిదండ్రులకు నొక్కి చెబుతాం. లాక్కుంటే ఇంకోసారి చెప్పదు.

ఇంట్లో పెద్దలు చేయగలిగింది

చదువు రాని తల్లులు "మాకు ఈ యంత్రాలు తెలియవు, ఏం చూడగలం?" అంటారు. వాళ్లు చేయగలిగింది చాలా ఉంది. సాయంత్రం పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ రోజు విన్న పాఠం నాకు మన మాటల్లో చెప్పు" అనాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఉర్దూలో, తెలుగే ఇంటి భాషగా ఉన్న నూర్‌బాషా కుటుంబాలు తెలుగులో అడగవచ్చు. బడిలో ఇంగ్లీషులో విన్నది ఇంటి మాటలో చెప్పగలిగితే ఆ పాఠం వచ్చినట్టే. అడగడానికి సెట్టింగ్స్ తెలియాల్సిన పని లేదు. రెండోది, భోజనాల దగ్గర ఇంట్లో ఎవరి చేతిలోనూ ఫోన్ ఉండకూడదు. అబ్బా చేతిలో ఫోన్ పెట్టుకుని బాబును ట్యాబ్ పక్కన పెట్టమంటే ఆ మాట చెల్లదు.

దాతలకు మా మనవి

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. "ట్యాబ్‌లు కొనిద్దామా?" నిజంగా ఏ పరికరమూ లేని ఇళ్లు ఉన్నాయి, ముఖ్యంగా తండ్రి లేని పిల్లల ఇళ్లు. వాటికి ఇవ్వాల్సిందే. వాటిని విచారించి గుర్తించే బాధ్యత మాది. మిగిలిన సాయం మాత్రం ఈ పనులకు మళ్లించమని వినయంగా కోరుతున్నాం.

మొదటిది, నేర్పే మనిషి. ఊళ్లో డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న అమ్మాయికి నెల నెలా గౌరవ వేతనం ఇస్తే, ఆమె రోజూ ఒక గంట పిల్లల పక్కన కూర్చుంటుంది. పైన రాసిన పద్ధతి అంతా ఆమె చేతుల మీదుగానే నడుస్తుంది. ఇంటి దగ్గరే గౌరవమైన పని దొరకడం ఆమెకూ మేలు.

రెండోది, మరమ్మతు. అద్దం పగిలి, చార్జర్ పోయి మూల పడిన ట్యాబ్‌లను బాగు చేయిస్తే, కొత్తవి కొనే ఖర్చులో కొంత భాగంతోనే మరికొందరు పిల్లల చేతికి పని చేసే పరికరం వస్తుంది.

మూడోది, చిన్న వస్తువులు. పది మంది ఒకే గదిలో వింటున్నప్పుడు ఇయర్‌ఫోన్ లేకపోతే ఎవరి పాఠమూ ఎవరికీ వినబడదు. తాళం వేసుకునే చార్జింగ్ బీరువా, కరెంటు పోయినప్పుడు వెలిగే దీపం, చీటీలకు కాగితాలు, నోటు పుస్తకాలు కూడా కావాలి. ఇవి ఫోటోలో గొప్పగా కనబడవు. కానీ ఇవి లేకపోతే ఆ గంట సాగదు.

నాలుగోది, కోతల నెలలకు ప్రత్యేక ఏర్పాటు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కేంద్రాన్ని బడి వదిలిన వెంటనే తెరవగలిగితే, తల్లిదండ్రులు పొలం నుంచి వచ్చేదాకా పిల్లలకు ఒక నీడ, ఒక పెద్ద దిక్కు ఉంటాయి. ఏడాదిలో ఈ నాలుగు నెలలకే మీరు సాయం చేయగలిగినా, పదో తరగతి పిల్లలకు అది పరీక్ష దాటించే సాయం అవుతుంది.

మీరు ఇచ్చింది సద్వినియోగం అవుతోందా అని అడిగే హక్కు మీకుంది. ఎన్ని ట్యాబ్‌లు పంచామో మమ్మల్ని అడగకండి. మీకు వీలున్నప్పుడు, ముందుగా చెప్పకుండా కేంద్రానికి రండి. ఎవరో ఒక పిల్లను పిలిచి, "పోయిన వారం విన్న పాఠం తెరిచి చూపించమ్మా" అనండి. ఆమె తడుముకోకుండా అర నిమిషంలో ఆ పాఠం తెరిచి, ట్యాబ్ బోర్లా పెట్టి, అందులో ఏముందో మీకు తన మాటల్లో చెప్పగలిగితే మీ సొమ్ము చేరాల్సిన చోటికి చేరినట్టు. చెప్పలేకపోతే, మేము ఇంకా చేయాల్సిన పని ఎంతో మీకే తెలుస్తుంది. దాన్ని మాతో చెప్పండి.